కోడికి చెమట పట్టదు!

మే నెల మధ్యాహ్నం మనకైతే చొక్కా తడిసిపోతుంది. ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. కోడికి ఆ వీలు లేదు. దానికి స్వేదగ్రంథులే ఉండవు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు, పైన ఈకల దుప్పటి. అందుకే ఎండ ముదరగానే నోరు తెరిచి రొప్పుతుంది. గొంతులోని తడిని ఆవిరి చేసి వేడి వదిలించుకోవడానికే ఆ పాట్లన్నీ.

బ్రాయిలర్లలో ముందు పోయేవి బాగా ఎదిగినవే. ఒళ్లు పెరిగేకొద్దీ లోపల పుట్టే వేడీ ఎక్కువే మరి. రెండు కిలోల కోడి మూడు కిలోలకు పైగా దాణా తిని, రేపోమాపో లారీ ఎక్కాల్సిన సమయంలో కూలబడితే రైతుకు ఆరు వారాల కష్టం గల్లంతు. 2015 మే నెల వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మనుషులే చనిపోయారు. ఇక రేకుల షెడ్లలో కోళ్ల సంగతి చెప్పాలా!

'ఫాగర్లు పెట్టి నీళ్లు చిమ్మితే సరి' అంటారు చాలామంది. తిరకాసంతా అక్కడే ఉంది. నీటి తుంపర ఆవిరైతేనే చల్లదనం. అది ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. తేమ 25 శాతమే ఉన్నచోట 40 డిగ్రీల గాలిని నీటి ఆవిరితో 24 డిగ్రీల దాకా దించే వీలుంది. అదే తేమ 65 శాతం ఉంటే 36 డిగ్రీల గాలి ఎంత చేసినా 30 దగ్గరే ఆగిపోతుంది. అనంతపురంలో బ్రహ్మాండంగా పనిచేసే ఉపాయం కె.కోటపాడులో అంతగా ఫలించకపోవడానికి కారణమిదే. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలం సముద్రపు తేమ తగిలే నేల. పైగా ఆరని తుంపర కింద ఊకలోకి దిగి ముద్దకడుతుంది. దాన్నుంచి అమ్మోనియా ఘాటు లేస్తుంది. అసలే రొప్పుతున్న కోడికి అది మరో దెబ్బ.

కాబట్టి కోస్తా రైతు గుర్తుంచుకోవాల్సింది ఒకటే... ముందు గాలి, తర్వాతే నీరు!

ఇలా చేయండి

* పక్క పరదాలు పూర్తిగా ఎత్తేయాలి. ఫ్యాన్ల గాలి కోళ్ల ఎత్తులో తగలాలి. కరెంటు పోతే నడిపేందుకు జనరేటరు సిద్ధంగా ఉండాలి.

* ఫాగర్లను ఎండ మండే వేళ, గాలి కాస్త పొడిబారినప్పుడు, ఫ్యాన్లు తిరుగుతుండగా మాత్రమే కొద్ది నిమిషాల చొప్పున వేయాలి. సాయంత్రం తేమ పెరగగానే ఆపేయాలి.

* రేకులపై తెల్లసున్నం కొట్టాలి. నీళ్లు చల్లదలిస్తే కప్పు మీదే చల్లాలి. అప్పుడు లోపలి ఊక తడవదు.

* తిన్న దాణా అరిగేటప్పుడూ వేడి పుడుతుంది. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా మేత ఆపి, తెల్లవారుజామున, రాత్రి వేయాలి.

* నీళ్ల ట్యాంకుకు నీడ కావాలి. గొట్టాల్లో కాగిన నీటిని మధ్యాహ్నం వదిలేసి చల్లటివి పట్టాలి.

* వేసవి బ్యాచ్‌లో పదింట ఒక పిల్లను తగ్గించి వేసుకోవాలి.

పెరట్లో నాలుగు నాటుకోళ్లున్న ఇంటికీ ఇదే సూత్రం. మధ్యాహ్నం వేళ వాటిని గంప కింద మూసి ఉంచకండి. చెట్టు నీడన గాలి ఆడేచోట వదిలి, మట్టి మూకుడులో చల్లటి నీళ్లు పెట్టండి.