పాత నాణేల వేటకు కళ్ళు చాలు, గునపం వద్దు

ఉద్యోగ విరమణ చేసినవారు ఏం చేయాలని అడిగినప్పుడు నడక, ప్రాణాయామం, మనవలతో కాలక్షేపం అని అందరు వైద్యులూ చెప్పే మాటలే నేనూ చెబుతూ వచ్చాను. కొన్నేళ్ళుగా వాటికి పాత నాణేల అన్వేషణను కూడా చేర్చి చెబుతున్నాను. అయితే నాణేన్ని నేలమీద వెదకాలి, నేలలో కాదు. లోహశోధక యంత్రాలు, అంటే మెటల్ డిటెక్టర్లు, ఇంట్లో కూర్చుని తెప్పించుకోగలిగిన ఈ రోజుల్లో ఈ భేదాన్ని కొంచెం గట్టిగానే చెప్పవలసి వస్తున్నది.

మన అనంతపురం పీఠభూమి ఈ అభిరుచికి ఎంతో అనువైన నేల. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే పడే వాన, అదీ కొద్దిపాటి జడివానలుగా పడి, పలుచని పైమట్టిని కడిగేస్తుంది. తొలకరికి వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం జనం బారులు తీరడం అందరికీ తెలిసినదే. అదే వాన పాటిదిబ్బల మీద రాగి కాసులను బయటపెడుతుంది. రైతులు పాటిమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలడం వల్ల ఆ కాసులు ఊరి చుట్టూ చేలలోకీ చేరాయి. విజయనగర కాలపు చిన్న రాగి నాణేలు, టిప్పు సుల్తాను ఏనుగు బొమ్మ కాసులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. టిప్పు గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు మార్చి అక్కడ రాగి నాణేలు ముద్రింపజేశాడు. గుత్తిలో ముద్రించిన కాసు గుత్తి పొలంలోనే కంటపడితే కలిగే సంతోషాన్ని నేను ఏ మందుతోనూ ఇవ్వలేను.

ఈ వ్యాపకంలో నా తోడు ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు. ఊరందరికీ ఆయన అయ్యవారు. ఉదయం ఆరింటికి బయలుదేరి ఎనిమిదిన్నర లోపల ఇల్లు చేరుతాము. ఆయన చూపు నేలమీద, నా చూపు ఆయన మీద. రక్తపోటుకు ఆయన వాడే మాత్ర మూత్రం ద్వారా నీటినీ ఉప్పునూ బయటకు పంపే రకం. అటువంటి మాత్రలు వాడేవారు ఎండలో త్వరగా నీరసిస్తారు. పైగా అరవై దాటిన శరీరానికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. మాట తడబడడం, నడక తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం వడదెబ్బకు ముఖ్యమైన గుర్తులు. ఇవి రోగికి తెలియవు, పక్కనున్న మనిషికే తెలుస్తాయి. తోడు లేకుండా వెళ్ళవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ వేసవిలో అయ్యవారు ఒక మెటల్ డిటెక్టరు కొన్నారు. "ఇంగ్లండులో పింఛనుదారులంతా చేసే పనే కదా డాక్టరు సార్, మనం చేస్తే తప్పేమి?" అన్నారు. ఆయన వాదనలో బలం లేకపోలేదు. ట్రాక్టరు నాగళ్ళ కింద నాణేలు ముక్కలవుతున్నాయి, దొరికినవి కంసాలి మూసలో కరిగిపోతున్నాయి, మనం తీసి దాచితే చరిత్ర నిలుస్తుంది కదా అన్నది ఆయన మాట.

ఇంగ్లండు సంగతి నిజమే. కానీ అక్కడ భూయజమాని అనుమతి కావాలి. 1996 నాటి నిధుల చట్టం ఉంది. 1997లో మొదలైన పథకం కింద జనం తమకు దొరికిన వస్తువులను, దొరికిన చోటుతో సహా నమోదు చేయిస్తారు. అలా పది లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. దాని ప్రకారం భూమిలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తెలిపితే ప్రభుత్వం మొత్తం లాగేసుకుంటుందని చాలామంది భయం. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికినవారికీ ఒక వంతు భూయజమానికీ చెందాలని ఆ చట్టమే చెబుతున్నది. ప్రభుత్వం తీసుకోదలిస్తే వెల కట్టి తీసుకోవాలి. దాచిపెడితే మాత్రం వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలు. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేకుండా తవ్వడం వేరే నేరం.

చట్టం సంగతి న్యాయవాదులు చూసుకుంటారు. తవ్వకం మనిషిని ఏం చేస్తుందన్నది నాకు సంబంధించిన విషయం. కంటితో వెదికే పనికి సూర్యుడే హద్దు పెడతాడు. ఏటవాలు వెలుగులో కాసు అంచు కనబడుతుంది, పొద్దెక్కితే నేలంతా ఒకటే తెల్లని మెరుపు, ఇంటికి మళ్ళవలసిందే. యంత్రానికి ఆ హద్దు లేదు. అది కూసిన ప్రతిసారీ వంగి తవ్వాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు మేకు, సీసా మూత, విరిగిన కొడవలి ముక్క. పదోసారి ఏదో ఉండవచ్చునన్న ఆశ మనిషిని కదలనివ్వదు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమానానికే మెదడు ఎక్కువగా లొంగుతుంది. జూదంలో ఉన్న కిటుకూ అదే. నలభై డిగ్రీల ఎండలో "ఇంకొక్క కూత" అనుకుంటూ గునపం ఎత్తే డెబ్బై ఏళ్ళ మనిషిని తలచుకుంటేనే నాకు గుబులు.

ధనుర్వాతం సంగతి అందరికీ సగమే తెలుసు. దాన్ని తెచ్చేది తుప్పు కాదు, మట్టిలోను పశువుల పేడలోను ఉండే సూక్ష్మజీవి. పాటిదిబ్బ అంటే తరతరాల పేడ కలిసిన మట్టే. పదేళ్ళలో టీకా వేయించుకోనివారు ముందు ఆ పని చూడాలి. రాళ్ళ సందుల్లో చేయి పెట్టవద్దు, రక్తపింజరికి అవి ఇష్టమైన తావులు. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు బిగించడం కూడదు. కదలించకుండా ఆసుపత్రికి చేర్చాలి. తాగే నీరు ఇంటినుంచే తీసుకుపోవాలి, కుంటల్లో నీరు తాగకూడదు. (మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోయి, మొదట గుత్తిలోనే ఖననమయ్యాడన్న సంగతి అయ్యవారే నాకు చెప్పారు.)

చాలామంది ఎరుగనిది సీసపు నాణేల ప్రమాదం. శాతవాహనుల కాలంలో సీసంతో విరివిగా నాణేలు పోశారు. మనకు పడమట చిత్రదుర్గం దగ్గరి చంద్రవల్లిలో అటువంటివి బయటపడ్డాయి. పాత సీసం మీద తెల్లని పొడి పేరుకుంటుంది. దాన్ని వంటింట్లో చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమితే పులుపుకు సీసం కరిగి చేతికీ గిన్నెకూ అంటుకుంటుంది. పిల్లల మెదడుకు హాని చేయని సీసపు మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి బూడిదరంగు బరువైన నాణేన్ని తోమవద్దు, మనవడి చేతికి ఇవ్వవద్దు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. రాగి నాణేన్ని తోమినా చరిత్రకారుడి దృష్టిలో దాని విలువ పోతుంది.

వైద్యశాస్త్రంలో లేని మాట ఒకటి చెబుతాను. నాణేల కోసం నడిచినంతకాలం ఇద్దరూ స్నేహితులు. తవ్వడం మొదలుపెట్టిన రోజున వాటాదారులవుతారు. గుప్తనిధుల పిచ్చితో ఈ సీమలో ఎన్ని పాత గుడుల నందులు పగిలాయో, ఎన్ని జట్లు అనుమానాలతో విడిపోయాయో పత్రికలు చదివేవారికి తెలుసు. ముసలితనంలో ఒంటరితనాన్ని పోగొట్టడానికి పట్టిన వ్యాపకం చివరకు స్నేహాన్నే తినేస్తే అది ఏ రకం చికిత్స?

అయ్యవారి వాదనకు నా జవాబు ఇది. రోగి పేరు లేని రక్తపరీక్ష కాగితం నాకు ఎందుకూ పనికిరాదు. ఏ చేలో, ఏ లోతులో, దేని పక్కన ఉందో తెలియకుండా పెకలించిన నాణెమూ అంతే. కరిగిపోకుండా కాపాడాలంటే ముందు రైతులతో మాట్లాడాలి. ఇప్పుడు ఆయన బడిలో పాఠం చెప్పినట్టు రచ్చబండ దగ్గర ఏనుగు కాసు బొమ్మ చూపి, దొరికితే తోమకుండా, అమ్మకుండా తహసీల్దారుకు చెప్పమని చెబుతున్నారు. పైన కనబడినదాన్ని ముందు ఉన్నచోటే ఫొటో తీసి, చేను పేరు, తేదీ రాస్తాము. యంత్రం మాత్రం ఆయన అటక మీదే ఉంది. మొన్న వేరుశనగ చేలో కమ్మ పోగొట్టుకున్న ఒక ఇల్లాలి కోసం దించారు, అరగంటలో కమ్మ దొరికింది.