"తల్లీబిడ్డ క్షేమం" అంటే సరిపోదు అన్నలారా

గల్ఫ్‌ల ఉన్న మన అన్నలారా, తమ్ముళ్లారా, పోస్టు కొంచెం పొడుగుంటది. ఇంట్ల కాన్పు దగ్గర పడ్డోళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మన క్యాంపుల ఎవరికన్నా బిడ్డ పుడితే అడిగేది రెండే ముచ్చట్లు. బాబా, పాపా? నార్మలా, పెద్దాపరేషనా? తర్వాత గ్రూపుల "తల్లీబిడ్డ క్షేమం" అని మెసేజ్, రూముల మిఠాయి. అయిపాయె. లేబర్ రూంల ఆమెను ఎట్ల చూసిండ్రో ఏ ఒక్కడు అడగడు.

ఆడోళ్లను అడిగి చూడండి. మా చెల్లెండ్లు, వదినెలు చెప్పేది వింటే అందరి మాట ఒక్కతీరుగనే ఉంటది. నొప్పులు వస్తయని వాళ్లకు ముందే తెలుసు, దాని గురించి కాదు వాళ్ల బాధ. "అమ్మను లోపలికి రానియ్యలే", "అరిస్తే తిట్టిండ్రు", "ఏం సూది వేస్తున్నరో చెప్పలే", "పరదా సుత లేదు, వచ్చేటోళ్లు వస్తున్నరు, పోయేటోళ్లు పోతున్నరు". ఇరవై ఏండ్లయినా ఈ మాటలు మర్చిపోలేదు వాళ్లు.

వాళ్లు కోరేది ఏంది? తనోళ్లు ఒకరు పక్కన ఉండాలె. మర్యాదగ మాట్లాడాలె. చెయ్యి వేసే ముందు ఏం చేస్తున్నరో చెప్పాలె. ఒక పరదా ఉండాలె. వీటికి లక్షలు కావాల్నా?

కొందరు పెద్దమనుషులు అంటరు, "మా అమ్మలు పొలంల పనిచేసుకుంట కన్నరు, ఇప్పటోళ్లకు సోకులెక్కువ" అని. అయ్యా, ఇంట్ల కన్నప్పుడు తల్లి, అత్త, మంత్రసాని చెయ్యి పట్టుకొని కూసునేటోళ్లు. ఇప్పుడు దవాఖానకు పోతున్నరు, మంచిదే, ప్రాణాలు నిలబడుతున్నయి. కానీ ఆ తోడును గేటు బయట ఎందుకు నిలబెట్టాలె?

ఇది నా సొంత తెలివి కాదు. ప్రసవమప్పుడు ఆమె కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018ల చెప్పింది. సర్కారు దవాఖానల కోసం 2017ల కేంద్రం తెచ్చిన 'లక్ష్య' ప్రోగ్రాంల సుత తోడు మనిషి, మర్యాద అనేవి ఉన్నయి. తోడు ఉంటే పెద్దాపరేషన్లు తగ్గుతయని పరిశోధనలు చెప్తున్నయి. మరి మనోళ్లు ఎందుకు అడగరు?

ఇక్కడ సైట్ల పొద్దుగాల టూల్‌బాక్స్ మీటింగ్ పెట్టనిది లేబర్‌ను పనిల దింపం. ఏం పని, ఎక్కడ ప్రమాదం అని చెప్పి, ఆ మనిషితోటే సంతకం పెట్టిస్తం. రాడ్లు మోసేటోనికి ఉన్న హక్కు బిడ్డను కనే మనిషికి లేదా? ఊర్లె ఏమైతుంది? కోసేది ఆమె కడుపు, కాగితం మీద సంతకం మామది, మరిదిది.

పెద్దాపరేషన్ ముచ్చట చెప్పాలె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశం మొత్తంల 100 కాన్పులల్ల 21 దాక పెద్దాపరేషన్లు. మన తెలంగాణల 60 దాటినయి. ప్రైవేటుల 81 దాటినయి. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతది, దానికి నేను వ్యతిరేకం కాదు. నూటికి 81 మందికి అవసరమే పడ్డదా? దీంట్ల దవాఖానలది ఒక్కటే తప్పు కాదు. అయ్యగారితోటి ముహూర్తం పెట్టించి, ఐఎంఓల ఫోన్ చేసి "ఆ టైంకే తియ్యమను" అనేటోళ్లు మన మధ్యల ఎంతమంది లేరు? పైసలు పంపినంత మాత్రాన ఆమె ఒంటి మీద పెత్తనం వస్తదా?

సిస్టర్ల మీద నాకు కోపం లేదు. ఒక్కరే ఇద్దరు ముగ్గురిని చూసుకుంట తెల్లందాక నిలబడితే ఎవలకైనా చిరాకు వస్తది. మనుషులను పెంచుడు సర్కారు పని. కానీ తిట్టు మందు కాదు. తిడితే బిడ్డ తొందరగ బయటికి రాదు.

ఇక చేసే పని. ఏడో నెలలనే దవాఖానల అడగండి, లోపలికి ఒక మనిషిని రానిస్తరా, లేదా అని. లేదంటే ఇంకో దవాఖాన చూడండి. పక్కన ఎవరుండాలెనో మీ అమ్మను కాదు, మీ భార్యను అడగండి. ఆపరేషన్ అంటే ఎందుకు అని డాక్టరమ్మను అడగమని, ఆ జవాబు ఆమెకే చెప్పమని ఇంటోళ్లకు గట్టిగ చెప్పండి.

టికెట్ దొరకక, లీవ్ దొరకక మనం పక్కన ఉండలేకపోవచ్చు. ఫోన్‌ల ఈ నాలుగు మాటలు చెప్పుడుకు లీవ్ అక్కర్లేదు.