గురులఘువులు తెలిసిన బిడ్డకు ఊనిక తెలియదా?

ఆదోని, ఎమ్మిగనూరు తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా!

మొన్న ఆదోనిలో జరిగిన ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో, మగ్గము నేసి చదివించిన తండ్రికి కూతురైన ఎమ్మిగనూరు బిడ్డ 'డెవలప్‌మెంట్' అను మాటను మొదటి అక్షరము నొక్కి పలుకగా, ఎదుట కూర్చున్న పెద్దమనిషి అర్థము కానట్లు మూడు మారులు తిరిగి అడిగి, తక్కినవారు నవ్వగా, ఆమె తలవంచుకొని వెలుపలికి వచ్చుట గుమ్మమువద్ద నిలిచి చూచితిని. ఆ మాటలో ఊనిక, అనగా నొక్కి పలుకు బలము, రెండవ అక్షరమైన 'వె' మీద పడవలెనని పదునైదేండ్ల చదువులో ఆమెకు చెప్పినవారు లేరు.

స్పెల్లింగు నూరు మారులు వ్రాయింతురు, అర్థము వల్లె వేయింతురు. మాటలో సిలబుళ్లు, అనగా ఒక్క ఊపున పలుకు ముక్కలు, ఎన్నియో, ఊనిక దేనిపైనో చెప్పరు. ప్రతి అక్షరమును నిండుగా పలుకుట తెలుగు స్వభావము. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు సన్నగిలిపోవును. మార్కెట్ యార్డులో దినదినము వినెడు 'కాటన్' మాటలో రెండవ అచ్చు వినబడీ వినబడక పోవును. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు స్థాపించిన నేత సంఘపు పేరులోని 'కోఆపరేటివ్' మాటకు ఊనిక 'కో' పైన కాదు, 'ఆ' పైన. 'సొసైటీ'కి సిలబుళ్లు మూడు కావు, సొ, సై, అ, టి అని నాలుగు. 'రికార్డు' నామవాచకమైన మొదట, క్రియయైన తుదను ఊనిక. 'ఫొటోగ్రాఫ్'లో మొదటిదానిపై నున్న ఊనిక 'ఫొటోగ్రాఫర్'లో రెండవదానికి, 'ఫొటోగ్రాఫిక్'లో మూడవదానికి జరుగును.

ఇది పల్లెబిడ్డలకు కఠినమనువారు సిగ్గుపడవలెను! తెలుగు పీరియడులో పద్యపాదమును విడదీసి, గురులఘువులు గుర్తించి, గణములు కట్టు బిడ్డకు, మరుసటి గంటలో ఒక ఇంగ్లీషు మాటను విడదీయుట చేతకాదా? గురువు అక్షరస్వరూపమునుబట్టి, దాని తరువాతి అక్షరమునుబట్టి తెలియును, ఊనిక మాటమాటకు నేర్వవలెను. ఈ భేదము చెప్పుటకు ఒక్క గంట చాలును. దొరల యాస మనకేల యందురు. మేమడుగునది యాస కాదు, మాట ఎదుటివానికి తెలియుట.

1953లో బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రలో చేరిన ఈ సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీధిలో వినబడును. ఇచ్చటి బిడ్డల చెవి మందమైనది కాదు. కొరత బోధనలోనిది. ఇంగ్లీషు బోధనను మెరుగుపరచుటకై 1958లోనే హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసెను; ఊనికను నేర్పు విద్య మాత్రము తుంగభద్ర దాటి మన బడి నల్లబల్లకు ఇంకను చేరలేదు. ఇది నిర్లక్ష్యము, దీనికి వేరొక పేరు లేదు.

ఆరవ తరగతినుండి ప్రతి క్రొత్త మాటను నల్లబల్లపై గీతలతో విడదీసి, ఊనికకు ముందు నిఘంటువులలో వలె చిన్న నిలువు గుర్తు పెట్టవలెను. నోటిపరీక్షలో దానికి మార్కు లుండవలెను. బడి తెరచిన మొదటి వారముననే ప్రధానోపాధ్యాయుని కలిసి అడుగుడు. రాత్రి బిడ్డ నోటుపుస్తకము తెరచి, ఆ గుర్తులున్నవో లేవో చూడుడు.