ఒక్కదానివైతే ‘రేపు’... ఇద్దరమైతే ‘ఇవాళే’!

యూనివర్సిటీ విద్యార్థినులకు ఒక పిలుపు
చదవండి – చదివించండి – పక్క గదికి పంపించండి

అక్కలారా, చెల్లెళ్లారా, తోటి విద్యార్థినులారా!

మన రోజు ఎలా గడుస్తోందో ఒక్కసారి చూసుకుందాం. మెస్సు మూసే వేళకు లేస్తాం, రెండు ఇడ్లీలు నోట్లో కుక్కుకుని క్లాసుకు పరిగెడతాం. రోజు మొత్తానికి మన పరుగు అదొక్కటే. సాయంత్రం దాకా బెంచీ, ఆ తర్వాత రీడింగ్ రూమ్ కుర్చీ, రాత్రి గోడకు దిండు ఆనించుకుని ఫోను. గ్రూప్స్‌కో, నెట్‌కో, డీఎస్సీకో చదివేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, కుర్చీకి అతుక్కునే ఉంటారు. నీళ్ల బకెట్టుతో రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం. ఇరవై రెండేళ్లకే నడుం నొప్పి. ‘ఈ సోమవారం నుంచి వాకింగ్’ అనుకుంటాం. సోమవారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

ఇదంతా మన బద్ధకం వల్లే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మన కాళ్లు కట్టేసిందెవరు?

ఐదో తరగతిలో మనం ఎలా ఉండేవాళ్లం? తొక్కుడుబిళ్ల, ఖోఖో, కబడ్డీ, జామచెట్టు ఎక్కడాలు. పెద్దమనిషి అయ్యాక ‘ఇక గెంతులు చాలు’ అన్నారు. తొమ్మిదిలో, పదిలో గేమ్స్ పీరియడును లెక్కల సారు తీసేసుకున్నారు. ఇంటర్‌లో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగే కాలేజీ, అదే హాస్టలు. తెల్లారిన దగ్గర్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, గ్రౌండ్ ఊసే లేదు. ర్యాంకులు వచ్చాయి, ఆటలు పోయాయి. యూనివర్సిటీకొచ్చాక గ్రౌండ్ కనిపించింది గానీ అందులో పొద్దునా సాయంత్రం అబ్బాయిల క్రికెట్టే. వెళ్లే దారిలో చీకటి. ఎవరేమంటారోనని జంకు.

దేశమంతా ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనాల ప్రకారం, చాలినంత శరీర శ్రమ లేని పెద్దవాళ్లు 2000లో మన దేశంలో 22 శాతం ఉంటే, 2022 నాటికి దాదాపు 50 శాతం అయ్యారు. ఇందులో మగవాళ్లు 42 శాతం, ఆడవాళ్లు 57 శాతం. ఈ తేడా మన ఒంట్లో పుట్టింది కాదు. గ్రౌండ్ ఎవరిది, రోడ్డు ఎవరిది, తీరిక ఎవరికి అన్న లెక్కల్లో పుట్టింది. మనకు మనం పెట్టుకున్న కట్టు కాదు కాబట్టి ఒక్కొక్కరం విడిగా గింజుకుంటే ఊడదు.

ఇది నాజూకు గొడవ కాదు

సన్నబడాలనో, పెళ్లిచూపులకు ఫొటో బాగా రావాలనో మేం పిలవడం లేదు. ఎముకలు గట్టిపడేది సుమారు ముప్పై ఏళ్లలోపే. ఇప్పుడు నడిచి, గెంతి, మెట్లెక్కి కూడబెట్టుకున్న బలమే ముట్లు ఆగిపోయిన వయసులో ఆదుకుంటుంది. మనలో ఎంతోమందిని వేధిస్తున్న పీసీఓడీలో ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి వ్యాయామం తోడ్పడుతుంది. నిద్ర పడుతుంది, పరీక్షల ముందు గుండెల్లో గుబులు తగ్గుతుంది. అయితే వ్యాయామం మందులకు బదులు కాదు. మందులు వాడేవాళ్లు మానకండి.

ఎంత చేయాలి? వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. ఒకేసారి పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత షరతును కూడా అప్పుడే తీసేసింది. ఐదు నిమిషాల మెట్లూ లెక్కే. ఓ మోస్తరు శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. మాట్లాడాలంటే పక్కన మనిషి ఉండాలి కదా! అసలు విషయం అక్కడే ఉంది.

చప్పట్లు కొట్టాం, కూర్చున్నాం

2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. 2014లో నిజామాబాద్ జిల్లా గురుకులంలో చదువుకున్న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్. గర్వపడ్డాం, స్టేటస్ పెట్టుకున్నాం, మళ్లీ మంచం ఎక్కాం. ఎందుకంటే ‘వాళ్లు వేరు, మనం వేరు’ అనిపించింది.

స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు, ‘నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని. కొంచెం చేసి చూసి గెలవడం, మనలాంటి మనిషి చేస్తుంటే చూడటం, నమ్మినవాళ్లు ‘చేయగలవు’ అనడం, గుండె దడను భయంగా కాక మామూలు సంగతిగా తీసుకోవడం. ఛాంపియన్ పోస్టరు ఈ నాలుగూ ఇవ్వలేదు. జూన్ 21న యోగా దినోత్సవం ఫొటో ఇవ్వలేదు. నిరుడు మెట్లెక్కితే మనలాగే ఆయాసపడి, ఇప్పుడు మూడు రౌండ్లు నడుస్తున్న పక్క గది అక్క ఇవ్వగలదు.

ఆ అక్కే మన మెంటర్.

ఆరింటికి తలుపు కొడితే...

‘‘లేచావా?’’
‘‘ఐదు నిమిషాలు అక్కా...’’
‘‘ఐదు నిమిషాలే నడుద్దాం రా. నచ్చకపోతే వెనక్కొచ్చి పడుకో.’’
చున్నీ నడుముకు అడ్డంగా ముడేసుకుని, ఆవలిస్తూ వస్తుంది చెల్లి. షూ లేదు, చెప్పులే. మొదటి రౌండంతా నిన్నటి ఇంటర్నల్స్ మీద తిట్లు. రెండో రౌండులో ఇంటి సంగతులు. గేటు దగ్గరికొచ్చేసరికి ఇరవై నిమిషాలు అయిపోయాయి. అక్క ఉపన్యాసం ఇవ్వలేదు, ఈల ఊదలేదు. తలుపు కొట్టింది, పక్కన నడిచింది, అంతే.

ఇది మనకు తెలియని విద్య కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్లు చరుస్తూ, వంగుతూ లేస్తూ గంటల తరబడి తిరుగుతాం. కాళ్ల నొప్పి ఎవరికైనా గుర్తొస్తుందా? అదే ఆట గదిలో ఒంటరిగా ఆడమనండి, పది నిమిషాలకు విసుగొస్తుంది. మన అమ్మల పొదుపు సంఘం చూడండి. పోపుల డబ్బాలో దాచిన డబ్బు నిలవలేదు, సంఘంలో వేసింది నిలిచింది. పది పదిహేను మంది, వాయిదా తప్పని మీటింగు, పుస్తకంలో సంతకం, ఒకామె రాకపోతే ఇంటికెళ్లి ‘ఏమైంది వదినా’ అని అడగడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది కూడా ఒక్కొక్కరుగా కాదు, కట్టగట్టుకుని వెళ్లే.

మన పద్ధతి ఇదీ

1. ఒక మెంటర్ అక్కకు ముగ్గురు చెల్లెళ్లు, అంతకు మించి వద్దు. అదే అంతస్తు, లేదా అదే డిపార్ట్‌మెంటు. డే స్కాలర్లకు బస్సు టైముకు కుదిరే జంటలు.

2. మొదటి రోజు నడక లేదు. టీ తాగుతూ మాట్లాడుకోవాలి. చిన్నప్పుడు ఏ ఆట ఇష్టం? ఎప్పుడు ఆగింది? ఇప్పుడు అడ్డేమిటి? అక్క ఎక్కువ వినాలి, తక్కువ మాట్లాడాలి.

3. లక్ష్యం చెల్లే పెట్టుకోవాలి. ‘రేపట్నుంచి బాగా నడుస్తా’ అనేది లక్ష్యం కాదు. ‘మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఐదున్నరకు లైబ్రరీ నుంచి నేరుగా గ్రౌండ్‌కు, ఇరవై నిమిషాలు’ అనేది లక్ష్యం. వాన పడితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి: వాన పడితే కారిడార్‌లో తాడాట.

4. ఒక చిన్న నోటు పుస్తకం. అందులో రాసేది నిమిషాలు మాత్రమే. బరువు రాయొద్దు.

5. వారానికోసారి పావుగంట కూర్చోవాలి. ఏది కుదిరింది, ఏది కుదరలేదు? కుదరకపోతే తిట్లు లేవు, లక్ష్యాన్ని తగ్గించుకోవడమే.

6. పన్నెండు వారాలయ్యాక, ఇష్టముంటే ఆ చెల్లే ఇంకో ముగ్గురికి అక్క.

మొదటి రెండు వారాలు రోజుకు పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు. తర్వాత రెండు వారాలు ఇరవై నిమిషాలు. ఆపైన అరగంట. ఐదు రోజులకు 150 నిమిషాలు నిండినట్టే. రెండు రోజులు కండరాల పని: చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పుషప్స్, పుస్తకాల బ్యాగుతో మెట్లు. నడక నచ్చకపోతే షటిల్, ఖోఖో, సైకిల్, గది తలుపేసుకుని తీన్మార్ డాన్స్. ఒళ్లు కదిలితే చాలు.

ఈ గీతలు దాటొద్దు

లావు, సన్నం, రంగు మాటలు ఎవరూ ఎత్తొద్దు. అడగకుండా ఫొటోలు, స్టేటస్‌లు వద్దు. నెలసరి రోజుల్లో చేయగలిగితే చేయొచ్చు, నొప్పిగా ఉంటే విశ్రాంతి, బలవంతం లేదు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడికక్కడే ఆపి హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. ఉత్తినే ఆయాసం వస్తుంటే రక్తం పరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే అది బద్ధకం కాదు, వైద్యం అవసరమైన సంగతి.

‘మెంటర్‌గా ఉండేంత దాన్ని కాదు’ అంటారా? క్రీడాకారిణి కానక్కర్లేదు, కాకపోతేనే మేలు. చెప్పిన టైముకు తలుపు కొట్టగలగాలి, చెల్లి మాట వినగలగాలి. మిగతాది శిక్షణలో వస్తుంది. ‘టైం లేదు’ అంటారా? రీల్స్‌లోంచి పది నిమిషాలు ఇవ్వండి చాలు. ‘చెమట, బాత్‌రూమ్ క్యూ’ అంటారా? నిజమే, అందుకే సాయంత్రం బ్యాచ్ కూడా పెడుతున్నాం. ‘అబ్బాయిలు చూస్తారు’ అంటారా? ఒకరు వెళ్తే చూస్తారు, నలభై మంది వెళ్తే పక్కకు జరుగుతారు.

అధికారులను అడుగుతున్నాం

• గ్రౌండ్‌లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అమ్మాయిలకు కేటాయించాలి. ఆ వేళ మహిళా ఫిజికల్ డైరెక్టర్ అందుబాటులో ఉండాలి.
• హాస్టల్ నుంచి గ్రౌండ్ దాకా లైట్లు వేయాలి, సెక్యూరిటీ పెట్టాలి.
• పొద్దున ఐదున్నరకే హాస్టల్ గేటు తీయాలి.
• మెంటర్లకు రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకు 240 గంటల సేవ ఉంది కదా, మెంటర్ గంటలను అందులో కలపాలి.
• సెమిస్టర్‌కోసారి హెల్త్ సెంటర్‌లో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితంగా చేయాలి.
• మన దగ్గర వసూలు చేసే స్పోర్ట్స్ ఫీజు దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డులో పెట్టాలి.

ఇవన్నీ వచ్చేదాకా ఆగుదామా? ఆగొద్దు. కారిడార్ ఉంది, మెట్లు ఉన్నాయి, తోడు ఉంది. అడుగుతూనే నడుద్దాం. రోజూ గ్రౌండ్‌లో కనిపించేవాళ్లు అడిగితేనే ఆ అడగడానికి బరువుంటుంది.

అన్నలారా, తమ్ముళ్లారా! మీకూ ఒక మాట. గట్టు మీద కూర్చుని కామెంట్లు ఆపండి. పిచ్‌లో సగం వదలండి. అది మీరు చేసే సాయం కాదు, మా వాటా.

తరలి రండి!

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు, మహిళా హాస్టల్ మెస్ హాల్లో సమావేశం. ఒక నోటు పుస్తకం, ఒక నీళ్ల సీసా, ఒక స్నేహితురాలిని వెంట తెచ్చుకోండి. షూ లేకున్నా రండి. జంటలు అక్కడే కడదాం, మొదటి పది నిమిషాలు అక్కడి నుంచే నడుద్దాం.

గ్రౌండ్ మనదే – గంట మనదే!
పతకం కోసం కాదు – ప్రాణం కోసం!
ఒక అక్క – ముగ్గురు చెల్లెళ్లు – వారానికి 150 నిమిషాలు!

– మహిళా హాస్టళ్ల విద్యార్థినులు, డే స్కాలర్లు

------ ఇక్కడ చింపి, మెస్ హాల్ గుమ్మం పక్కనున్న డబ్బాలో వేయండి ------

పేరు: ................ డిపార్ట్‌మెంటు: ................ గది / బస్సు రూటు: ................
నాకు మెంటర్ అక్క కావాలి ( )   నేను మెంటర్‌గా ఉంటాను ( )
నాకు వీలైన వేళ: పొద్దున ( )   సాయంత్రం ( )
చిన్నప్పుడు నాకిష్టమైన ఆట: ................