అటకమీది ఫిలిం చుట్ట

మధురలో మా పాత ఇంటి అటక దులుపుతూ ఉంటే నాయన వాడిన అగ్ఫా క్లిక్ కెమెరా, ఒక రేకు డబ్బాలో రెండు ‘ఇందు’ ఫిలిం చుట్టలు దొరికినవి. ఒకటి తీయనిది. రెండవది తీసి పట్టీ అంటించినది. దానిమీద నాయన వ్రాత: ‘అమ్మ, మహలు, 1986’. మా అవ్వ ఫోటో మా ఇంట ఒక్కటీ లేదు.

‘ఇందు’ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మన కోయంబత్తూరుకు పైన ఉదకమండలంలో 1960లో ప్రభుత్వం స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి సరుకు అది. ఆ కర్మాగారము మూతబడి ఏళ్ళయినది.

ఫిలింమీది పూత వెండి లవణము. ఏళ్ళ తరబడి వేడి తగిలితే, వెలుతురు సోకని చోటు కూడ కడిగినప్పుడు నల్లబడుతుంది. మా అటక వంటింటిమీద! స్టూడియోలో అడిగితే పూచీ లేదన్నారు. వారి తప్పేమున్నది?

కాఫీతో కడగవచ్చునని 1995లో అమెరికాలో రాచెస్టరు సాంకేతిక విద్యాలయంలో ఒక తరగతివారు చేసి చూపినారు. సి విటమిను తరువాత చేరినది. లీటరు నీటికి తేమలేని చాకలిసోడా 54 గ్రాములు, సి విటమిను పొడి 16, ఇన్‌స్టంట్ కాఫీ 40. 20 డిగ్రీల చల్లదనంలో 15 నిమిషములు. మన ఫిల్టరు డికాక్షను బలం రోజుకొక తీరు, కనుక దాని జోలికి పోలేదు. వాసన మాత్రం చెప్పరానిది. ఇంటావిడ ఆ పూట పక్కింటికి పోయినది.

ముందుగా తీయని చుట్టను చీకటిలో సగానికి కత్తిరించి కడిగినాను. సిరువాణి నీళ్ళు తియ్యనివే గాని, చిత్తిర ఎండకు 30 డిగ్రీలున్నవి. ఐసుకు ఓపిక పట్టలేదు. ఫిలిం కుంపటి మసి! అవ్వ చుట్టే ముందు వేసి ఉంటే? రెండవ సగానికి నీళ్ళు ఐసులో చల్లబరచి, మసి తగ్గించే పొటాషియం బ్రోమైడు ఒక గ్రాము కలిపినాను. బాగా తేటపడినది. అప్పుడే అసలు చుట్టను డబ్బాలో వేసి, అదే కొలతన కడిగి, హైపోలో ముంచినాను.

పన్నెండింటిలో మూడు నిలిచినవి. ఒకదానిలో తిరుమల నాయకుని మహలు స్తంభము, దాని మొదట ఒక ముసలావిడ. వెనుక కాగితపు అంకెలు బొమ్మమీద అచ్చుపడినవి, ముఖం తెలియదు. సెల్‌ఫోనులో తిప్పి అమ్మకు చూపినాను.

“అత్తే. కొంగు పిడికిట పట్టుకొన్న తీరు చూడు,” అన్నది.

తక్కిన రెంటిలో ఎవరో పిల్లలు. పెద్దమ్మ పిల్లలని అమ్మ, కాదని మా అక్క. ఆ తగవు ఇంకా నడుస్తున్నది.