చావుకు జాగ లేని అపార్టుమెంట్లు

మా మామ పోయిన యాడాది పట్నంల సచ్చిపోయిండు. గుండె ఆగింది. దవాఖాన కాడికెళ్లి అర్ధరాత్రి అంబులెన్సుల తీస్కొస్తే అపార్టుమెంటు గేటు కాడ ఆపిండ్రు. "కిరాయికి ఉండెటోళ్లు గద, పైకి తేవద్దు, పిల్లలు భయపడ్తరు" అన్నరు సంఘపోళ్లు. తేనిచ్చినా ఎట్ల తెస్తం? మామోళ్లది మూడో అంతస్తు. లిఫ్టుల నలుగురు నిలవడుడే కష్టం. కింద సెల్లారు నిండ కార్లు. గేటు పక్కన చిన్న గార్డెన్ ఉంది గని సుట్టు కంచె, గడ్డి మీద నడవద్దని బోర్డు.

ఆఖరికి రోడ్డు మీదనే అంబులెన్సు తలుపు తీసి అందరికి ఆఖరి చూపు చూపిచ్చినం. అత్త ఫుట్‌పాత్ మీద కూసొని ఏడ్సింది. వాచ్‌మెన్ తన రూములకెళ్లి రెండు కుర్సీలు తెచ్చేసిండు. తెల్లారకముందే ఊరి తొవ్వ వట్టినం.

ఊర్లె వాకిట్ల మంచమేసి పండవెట్టిండ్రు. పీనుగ లేసేదాక వాడకట్టుల ఎవ్వలు పొయ్యి ముట్టియ్యలే. పక్కింటోళ్లు మాకు బువ్వ వండి తెచ్చిండ్రు. ఎవ్వలకు ఎవ్వలు చెప్పలే, ఎవ్వలను ఎవ్వలు అడగలే.

గా అపార్టుమెంటోళ్లను తిట్టనీకి ఈ ముచ్చట రాస్తలేను. వాళ్లు చెడ్డోళ్లు కాదు. ఆ బిల్డింగుల చావుకు జాగ లేదు, అంతే. ప్లాన్ గీసినాయన బెడ్రూం గురించి ఆలోచించిండు, కిచెన్ గురించి ఆలోచించిండు, కారు గురించి మస్తు ఆలోచించిండు. మనిషి పుట్టుడు, పెండ్లి చేసుడు, ముసలోడై కూసునుడు, సచ్చుడు గురించి ఆలోచించలే.

ఊర్ల ఉండెటోళ్లకు ఇదెందుకు అంటరా? మనలో సగం మందిమి రేపు గా బిల్డింగులల్లనే కిరాయికి ఉంటం. కొందరం వాటిని కట్టెటోళ్లం. ఊర్లె ఇందిరమ్మ ఇంటికి సర్కారు 5 లక్షలు ఇస్తది, సొంత జాగల కట్టుకుంటం, ఇంటి ముంగట ఇంత వాకిలి మిగులుతది. పట్నంల పేదోనికి జాగ ఏడిది? అందుకే అక్కడ పైకి కట్టుడే. సంగారెడ్డి జిల్లా కొల్లూరుల 2023 జూన్‌ల మొదలైన డబుల్ బెడ్రూం కాలనీనే చూడుండ్రి. 117 బ్లాకులు, 15,660 ఇండ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. ఒక్క కాలనీల ఒక చిన్న టౌన్ అంత జనం.

560 అడుగుల ఇంట్ల ఐదుగురుంటే పిలగాడు చదువుకునేది ఏడ? ముసలవ్వ పొద్దంత కూసునేది ఏడ? పైసలున్నోనికి ఇంట్లనే హాలుంటది, క్లబ్బుంటది, ఊర్లె ఫామ్‌హౌజ్ ఉంటది. పేదోనికి ఇంటి బయటి జాగనే హాలు. అందుకే చిన్న ఇండ్లు కట్టేకాడనే ఉమ్మడి జాగ ఎక్కువ కావాలె. మన దగ్గర జరిగేది ఉల్టా. కోట్ల రూపాయల టవర్లకు తోటలు, పేదోళ్ల బ్లాకుకు బ్లాకుకు నడుమ సిమెంటు.

ఇది కాని పని కాదు. సింగపూర్‌ల 1960 కాన్నుంచి సర్కారు బోర్డు అపార్టుమెంట్లు కడ్తున్నది. ఆ దేశపోళ్లల్ల నూటికి 75 మందికి పైగ గా ఇండ్లల్లనే ఉంటరు. ఆ బ్లాకులల్ల మస్తు వాటికి కింది అంతస్తు ఖాళీగ ఇడ్సిపెట్టిండ్రు. ఉత్త స్తంభాలే. దాన్ని వాయిడ్ డెక్ అంటరు. అక్కడ మలయోళ్ల పెండ్లిళ్లయితయి, చైనోళ్ల చావు కార్యాలు అక్కడనే రోజుల కొద్ది నడుస్తయి. ముసలోళ్లు చదరంగం ఆడుతరు. దాన్ని చూస్కునెతందుకు టౌన్ కౌన్సిళ్లు ఉన్నయి. నెలనెల జనం పైసలు కడ్తరు, చావు కార్యానికి కౌన్సిల్ పర్మిషన్ ఇస్తది. పక్కింటోని దయ మీద ఆధారపడే పని లేదు.

ఆస్ట్రియాల వియన్నా నగరం కార్మికుల కోసం 1927 నుంచి 1930 దాక కార్ల్ మార్క్స్ హోఫ్ అని ఒక బిల్డింగ్ కట్టింది. కిలోమీటరు పొడుగు, 1,382 ఇండ్లు. మొత్తం జాగల ఐదో వంతు కన్నా తక్కువే కట్టి, మిగిలింది తోటలకు, వాకిండ్లకు ఇడ్సిండ్రు. ఇండ్లు చిన్నయే. గని ఉమ్మడిగ బట్టలుతికే జాగ, స్నానాల గదులు, పిల్లల బడి, లైబ్రరీ పెట్టిండ్రు. పైసలు ఏడికెళ్లి అంటే, ఎక్కువ పన్ను పెద్ద పెద్ద ఇండ్లోళ్ల మీద ఏసిండ్రు.

మన దగ్గర రూల్స్ లేవా అంటే ఉన్నయి. 2012ల వచ్చిన జీవో 168 ప్రకారం గ్రూపుగ కట్టే పెద్ద ప్రాజెక్టుల సైటుల 10 శాతం ఖాళీ జాగ ఇడ్వాలె. 2016 రెరా చట్టం పార్కు, పిల్లల ఆట జాగ, టెర్రస్, ఓపెన్ పార్కింగ్ అన్నీ అందరియే అన్నది. వాటిని బిల్డర్ కొన్నోళ్ల సంఘం పేరు మీద రాసియ్యాలె. ప్లాన్ మార్చాల్నంటే కొన్నోళ్లల్ల మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలె. స్టిల్ట్ పార్కింగును బిల్డర్ విడిగ అమ్ముకోరాదని సుప్రీంకోర్టు 2010లనే ఒక ముంబై కేసుల చెప్పింది.

జాగ ఎంత అన్నది రూల్ చెప్పింది. గని ఆ జాగల ఎవలు కూసోవచ్చు, ఏం చేసుకోవచ్చు అన్నది చెప్పలే. అసలు తకరారు ఆడనే ఉన్నది. సంఘంల ఓటు ఓనర్లకే. కిరాయికి ఉండెటోళ్లకు మాట లేదు. పనిమనిషికి వేరే లిఫ్టు, డెలివరీ పిలగానికి వేరే తొవ్వ పెట్టే టవర్లు ఎన్ని లేవు?

ఇక్కడ మనం కూడ నిజం మాట్లాడాలె. ఊరంటే అందరొక్కటే అని పట్నపోళ్ల ముంగట గొప్పలు చెప్పుకుంటం. మన ఊరి అరుగు మీద అందరు కూసున్నరా? అందరు ఒక్క బాయిల నీళ్లు తోడుకున్నరా? మా మామ పీనుగ కాడికి వాడంత వచ్చింది నిజమే. ఆ వాడ ఎవలది అన్నది కూడ నిజమే. ఊర్లె కులం చేసిన పనిని టవరుల లిఫ్టు చేస్తున్నది. అందుకే పాత ఊరిని యథాతథంగ పట్నంల పెట్టాలని నేననను. అపార్టుమెంటుకు ఒక మోక ఉన్నది. అది కొత్త ఊరు. రూల్ మొదటి దినమే రాసుకోవచ్చు. ఓనరైనా, కిరాయిదారైనా, వాచ్‌మెనైనా ఈ జాగ అందరిదని కాయితం మీద రాయొచ్చు.

పైసల ముచ్చట ఇడ్సిపెడ్తే తోట యాడాదిల ఎండిపోతది. డబుల్ బెడ్రూం కాలనీలల్ల దుకాండ్లు కట్టి, ఆ కిరాయితోని లిఫ్టులు, మోటర్లు నడపాలన్నది మొదటి ఆలోచన. మంచి ఆలోచనే. దాని లెక్క కాలనోళ్ల చేతుల, అందరికి కనవడేతట్టు ఉండాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, రేపు పట్నంల ఇల్లు కొన్నా, కిరాయికి వోయినా టైల్స్, వైఫై చూసుడుతోని ఆపకుండ్రి. మూడు అడగుండ్రి. లిఫ్టుల మనిషిని పండవెట్టి తీస్కపోవచ్చునా? బతుకమ్మ ఆడనీకి, పీనుగను దించనీకి కింద జాగ ఉందా? ఆ జాగ మీద కిరాయిదార్లకు హక్కు రాసిండ్రా? సివిల్ డిప్లొమా చదివెటోళ్లు రేపు ప్లాన్ గీసేటప్పుడు సుత ఇవే అడగుండ్రి.

మా అత్త ఇప్పుడు ఊర్లెనే ఉంటది. కొడుకు రమ్మంటే ఒక్కటే మాట అంటది: "నేను పోయిన్నాడు నన్ను రోడ్డు మీద పెట్టరు అంటే వస్త బిడ్డా."