ఏసీ ధర తగ్గింది.. నీళ్ల పైపు బాధ్యత ఎవరిది?

2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 35,000 రూపాయలు ఉన్న ఏసీకి అంతకుముందు 44,800 కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు 41,300 కడితే చాలు. 3,500 రూపాయలు మిగిలినట్టే. మధ్యతరగతి ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఏసీ గోడకెక్కాక మొదలయ్యే ఖర్చు గురించి ఏ ప్రకటనా చెప్పదు.

ఆ ఖర్చు ఎక్కువగా ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు దగ్గర మొదలవుతుంది. గదిలోని తేమ చల్లటి కాయిల్‌కు తగిలి నీరవుతుంది. వానాకాలంలో 1.5 టన్నుల ఏసీ నుంచి గంటకు లీటరు దాకా నీళ్లు రావచ్చు. మామూలు స్ప్లిట్ ఏసీలో ఈ నీటిని తోసే మోటారేమీ ఉండదు. వాలు ఉంటేనే నీళ్లు పోతాయి. మీటరు పొడవుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఇవ్వాలి. పైపు మధ్యలో ఎక్కడైనా పైకి లేచినా, చివర బకెట్ నీళ్లలో మునిగినా నీళ్లు వెనక్కి తన్ని ఇన్‌డోర్ యూనిట్ నుంచి గోడ మీద కారతాయి. పెయింట్ ఉబ్బుతుంది, చెమ్మ పడుతుంది. ఒక గోడకు మళ్లీ లప్పం, రంగు వేయిస్తే జీఎస్టీలో మిగిలిన డబ్బు అక్కడే కరిగిపోతుంది.

పాతబస్తీలాంటి చోట్ల ఇది ఇంటితో ఆగదు. గల్లీ వెడల్పు తక్కువ, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పైపు చివర గాలికి వదిలేస్తే నీళ్లు పక్కింటి సజ్జ మీదో, దారిన పోయేవాళ్ల నెత్తి మీదో పడతాయి. ఏళ్ల నుంచి కలిసిమెలిసి ఉన్న ఇళ్ల మధ్య పది రూపాయల పైపు ముక్క గొడవ పెడుతోంది.

డక్ట్ పనిలో నష్టం ఇంకా పెద్దది

ఫంక్షన్ హాళ్లు, మసీదులు, షోరూంలలో డక్టబుల్ ఏసీలు పెడుతున్నారు. రేకు డక్టుల జాయింట్లు సరిగా మూయకపోతే చల్లగాలి హాల్లోకి కాకుండా ఫాల్స్ సీలింగ్ లోపలికి పోతుంది. కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా వస్తుంది. ఇన్సులేషన్ పలచగా ఉంటే డక్ట్ బయటి వైపు చెమటపట్టి సీలింగ్ మీద మరకలు పడతాయి. బ్లోయర్ గాలిని లాగే వైపు డ్రెయిన్ ఉంటే పైపుకు యూ ఆకారంలో వంపు తప్పనిసరి. అది లేకపోతే బ్లోయర్ పైపులోంచి గాలిని లోపలికి లాగేసి నీటిని బయటికి పోనివ్వదు. ఆ పైపును డ్రైనేజీకి కలిపి ఉంటే దుర్వాసన కూడా హాల్లోకే వస్తుంది.

ఎందుకిలా?

తప్పంతా మెకానిక్ మీద నెట్టేయడం తేలిక. కానీ సీజన్‌లో చాలామందికి కూలి ఫిట్టింగ్ లెక్కన వస్తుంది. ఎన్ని ఏసీలు బిగిస్తే అంత డబ్బు. వాలు చూసి, నీళ్లు పోసి పరీక్షించే అరగంటకు ఎవరూ పైసా ఇవ్వరు. ఐటీఐలో ఈ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. అయినా చాలామంది ఉస్తాద్ దగ్గర హెల్పర్‌గా చేరి పని నేర్చుకున్నవాళ్లే. 2019లో కేంద్రం విడుదల చేసిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2022-23 నాటికి లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. సర్టిఫికెట్ ఉన్న చేతికి రేటు ఎక్కువ ఇస్తేనే ఆ శిక్షణకు విలువ. గల్ఫ్‌లో డక్ట్ మనిషి, పైపు మనిషి వేర్వేరు. మన దగ్గర ఇద్దరి పనీ ఒక్కడే చేస్తాడు, అదీ ఒక్క పూటలో.

బిల్లులోనే కిటుకు

ఏసీకి పక్కా బిల్లు ఉంటుంది. అదనపు కాపర్ పైపు, స్టాండు, డ్రెయిన్ పైపు డబ్బు మాత్రం చాలాసార్లు చేతికిచ్చేస్తారు. తర్వాత నీళ్లు కారితే షోరూం కంపెనీని, కంపెనీ కాంట్రాక్టర్‌ను చూపిస్తాయి. చేసిన పనికి కాగితం ఉండదు కాబట్టి అడిగే దారీ మూసుకుపోతుంది. సర్వీస్ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటని మెకానిక్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఎన్ని అడుగుల పైపు వేశాడో, ఎంత తీసుకున్నాడో రసీదు రాసివ్వడానికి అడ్డేమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంపై జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు.

అన్నిటికంటే తేలికైన జాగ్రత్త మరొకటి ఉంది. పైపును గోడలో మూసేముందు, సీలింగ్ కప్పేముందు డ్రెయిన్ ట్రేలో ఒక లీటరు నీళ్లు పోయించాలి. అవన్నీ పైపు చివర నుంచి బయటికి వచ్చాకే డబ్బు చేతికివ్వాలి. ఆ అరగంటకు వందో రెండొందలో ఎక్కువ అడిగితే మెకానిక్‌తో బేరం ఆడకపోవడమే మంచిది.